వీధివైపు కిటికీ

ఐదింటికి రమ్మన్నాను కాబట్టి ఎస్తేరు ఐదింటికే వస్తుంది, ముందూ రాదు, వెనకా రాదు, నాకు నచ్చనిది అదే. మనిషన్నాక కాస్త ఆలస్యం కావాలి, ఆటో దొరకలేదనో పాలు విరిగాయనో ఒక సాకు చెప్పాలి. మిగతా ఆడవాళ్ళంతా చెబుతారు, వాళ్ళ సాకులు విని విని ఎవరింట్లో ఏం జరుగుతోందో నాకు కంఠతా వచ్చేసింది. ఎస్తేరు మాత్రం ఈస్టరు వెళ్ళిన దగ్గర్నుంచి నా దగ్గరికి డాన్సు నేర్చుకోవడానికి వస్తోంది, ఇంతవరకూ ఒక్క సాకూ చెప్పలేదు. సాకు చెప్పనివాళ్ళ దగ్గర చెప్పకూడనిది ఏదో ఉంటుందని నా నమ్మకం. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అనేవాడు, జోసెఫిన్, ముందు నీ అనుమానం పుట్టింది, దాని వెనకాల నువ్వు పుట్టావు అని. నవ్వుతూ అనేవాడు కానీ జేబులో చేయి పెట్టుకుని మరీ అనేవాడు, ఆ జేబులో ఏముందో నేను చూసేదాన్ని, సగంసార్లు సిగరెట్టే ఉండేది. అనుమానం పెనుభూతం అంటారు. కావచ్చు. కానీ యానాంలో అనుమానం లేకుండా చేపల బజారుకి వెళ్ళినవాళ్ళు సముద్రపు వలస చేపని గోదావరి పులస అనుకుని కొనుక్కొచ్చి చుట్టాలకి వండి పెట్టి, రుచి తెలియని చుట్టాల చేత మెప్పు పొంది బతికేస్తున్నారు. నేను అలా బతకలేను. గోడ గడియారం నాలుగు కొట్టి కాసేపయింది, ఇంకా చాలా టైముంది, నేల మరోసారి తుడవనా అంటే పొద్దున్నే తుడిచాను, కూర్చుంటే ఆలోచనలు, నిలబడితే మోకాలు.

మేడమీద ఈ హాలు మా నాన్న కట్టించింది. గోదావరి వైపు రెండు కిటికీలు, వీధివైపు ఒకటే, కానీ పెద్దది, ఆకుపచ్చ రంగు వేసిన ఏటవాలు చెక్కల తలుపులు, లోపలికి తెరుచుకుంటాయి, అంటే తెరుచుకునేవి. క్లాసు జరిగేటప్పుడు వీధివైపు కిటికీ మూసి ఉండాలన్నది నా నియమం, మే నెలలోనూ అంతే, ఉడికిపోతున్నాం మేడం అని సౌమ్య ఏడ్చినా అంతే. క్లాసు లేనప్పుడు తీద్దామంటే బద్ధకం, తీసి మళ్ళీ ఎవరు మూస్తారు, అలా ఏళ్ళు గడిచి వానలకి చెక్క ఉబ్బి ఇప్పుడది గోడలో భాగమైపోయింది. ఆ కిటికీ కింద టీ కొట్టుంది, టీ కొట్టు పక్కన మందు షాపుంది. బయటివాళ్ళకి యానాం అంటే సీసా, వారధి కట్టాక అవతలి ఒడ్డు ఎదుర్లంక నుంచి బళ్ళ మీద వచ్చి తాగి, మా వీధిలో నిలబడి మేడల మీదికి చూస్తారు. వాల్స్ నేర్పుతాను అని నేను చెబితే, ఆహా, క్లబ్బు డాన్సా అండీ అని ఒకాయన అడిగాడు, చదువుకున్నవాడే, అప్పటినుంచి పాట కూడా చిన్నగా పెడతాను, మా అడుగుల చప్పుడే పాట కంటే పెద్దగా వినపడుతుంది. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే జోడీ, పొడుగ్గా ఉన్నవాళ్ళు మగ అడుగు వేస్తారు, పొట్టివాళ్ళు ఆడ అడుగు. ఇన్నాళ్ళూ అలాగే లాక్కొచ్చాను.

ఈ ఆదివారంతో అది మారిపోతుంది. మా అన్న కొడుకు లూయిస్ పాండిచ్చేరి నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నాడు, మగవాళ్ళకి వేరేగా నేర్పుతున్నాడు, ఇప్పుడు రెండు గుంపుల్నీ కలిపి కొత్త క్లాసు పెడదాం అత్తా, ఫాక్స్‌ట్రాట్ కూడా మొదలెడదాం అని పట్టుబట్టాడు. ఆడా మగా కలిసి, ఒకరి చేతిలో ఒకరి చెయ్యి, యానాంలో, మా ఇంట్లో. నేను వద్దు వద్దంటూనే ఎదురుచూస్తున్నాను, ఆ మాట దాచడమెందుకు, నాకు పదేళ్ళున్నప్పటినుంచి నేను ఎదురుచూస్తున్నది దీనికోసమే. అందుకే భయం. మిగతావాళ్ళందరి సంగతీ తేల్చేశాను, శాంతి సరే, సౌమ్య సరే, ఆగ్నెస్‌కి తాళం రాదు కానీ పోనీ సరే, ఒక్క ఎస్తేరు మిగిలింది, మధ్యాహ్నం కూడా లూయిస్ ఫోను చేసి అత్తా తేల్చావా అని అడిగాడు, సాయంత్రం చెబుతానన్నాను. ఎవర్నైనా మగవాడి చేతికి అప్పగించే ముందు నేను మగ అడుగు వేసి వాళ్ళతో ఒక పాట పూర్తిగా ఆడతాను. ఇది నాన్న పద్ధతి. ఎదుటి మనిషి బరువు నీ చేతికి తెలియకుండా పోయినప్పుడు ఆ మనిషి తయారైనట్టు అనేవాడు, అంతకు మించి ఆయన దగ్గర వేరే సిద్ధాంతం లేదు.

గురువారం ఎస్తేరుతో ఆడాను. బరువు తెలియకపోవడం మాట అటుంచి, నా భుజం ఊడి చేతికొచ్చినంత పనైంది. ఎస్తేరు పొడగరి, మొదటిరోజు నుంచీ మగ అడుగే వేస్తోంది, బాగా వేస్తోంది, తాళం తప్పదు, ముందుకి నడిచినంతసేపూ నాకే ముచ్చటగా ఉంటుంది. ఆడ అడుగు కూడా చూపించాను, కాళ్ళకి వచ్చు, కానీ వెనక్కి వెయ్యాల్సివచ్చేసరికి ఆమె నన్ను లాగింది. నేను నడపడం కాదు, ఆమె లాగుతుంటే నేను వెనకాల ఈడ్చుకుపోవడం. వెనక్కి వేసేటప్పుడు ముందు వేలు పోవాలి, తర్వాత మడమ దిగాలి, ఈమె మడమ దించేసి, వెనక్కి వాలి, నా చేతిని నాలుగు వేళ్ళూ మూసి గట్టిగా పట్టుకుని, గోదావరి వైపు గోడ దాకా తీసుకుపోయింది. ఆగు అంటే ఆగింది. తప్పయిందా మేడం గారండీ అంది, మొహంలో ఏమీ లేదు. ఇలా వెనక్కి లాగమని నేను ఎవరికీ నేర్పలేదు, మరి ఎవరు నేర్పారు? ఎక్కడో నేర్చుకుని నా దగ్గర ఏమీ తెలియనట్టు నటిస్తోందా? లేకపోతే నా చేతికి లొంగడం ఇష్టం లేదా? ఇంకోటి, ఆ అరచెయ్యి. ఆ రోజే మొదటిసారి సరిగ్గా పట్టుకున్నాను. అడవిపొలం ఊళ్ళో బాలవాడీ టీచరు, పిల్లలకి పాటలు నేర్పి ఉప్మా పెట్టే మనిషి, అరచేతుల్లో అన్ని కాయలెందుకు కాశాయి? రాత్రి భుజానికి అమృతాంజనం రాసుకుంటూ ఆ కాయల గురించే ఆలోచించాను, నొప్పి గురించి తక్కువ ఆలోచించాను.

అసలు అనుమానం ఇదేం కాదు. అసలు అనుమానం పేరు డేనియల్. ఎస్తేరు అన్న, ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా, వాళ్ళ సంఘంలో పెద్ద. మేం ఆర్సీఎం, అంటే రోమన్ క్యాతలిక్ వాళ్ళం, మా పెళ్ళిళ్ళలో పెద్దలు ఒక గ్లాసు పుచ్చుకున్నా ఫాదరుగారు అటు తిరిగి కూర్చుంటారు. వాళ్ళది ప్రొటెస్టెంటు సంఘం, అందులోనూ గట్టి సంఘం, సినిమా పాపం, బొట్టు పాపం, డాన్సంటే నేరుగా నరకమే. ఆ డేనియల్ కిందటేడు శాంతి వాళ్ళ నాన్నని పట్టుకుని, మీ అమ్మాయి ఆ మేడమీదికి ఎందుకు వెళ్తోందని అందరిముందూ అడిగాడట, ఆగ్నెస్ చెప్పింది, ఆగ్నెస్ చెప్పేదాంట్లో సగం తీసేసినా సగం మిగులుతుంది. మరి అలాంటివాడి చెల్లెలు, అతనింట్లోనే ఉంటూ, పెళ్ళి కూడా చేసుకోకుండా అన్న పిల్లల్ని పెంచిన మనిషి, నలభై దాటాక ఒకరోజు పొద్దున చెప్పులు మెట్ల దగ్గర విడిచి, నాకు నేర్పుతారాండి అని నిలబడితే ఏమనుకోవాలి? పంపించాడు అనుకున్నాను. ఎవరెవరు వస్తున్నారో చూసి చెప్పమని పంపించాడు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. నన్ను తప్పుపట్టండి చూద్దాం, ఆమె ఎప్పుడూ తలుపుకి ఎదురుగానే నిలబడుతుంది. క్లాసులో నవ్వదు. కొత్త క్లాసు సంగతి చెప్పగానే మొదట అడిగిందేమిటి, ఎవరెవరు వత్తారండి అని. కొత్త క్లాసులోకి తీసుకున్నాననుకోండి, ఆదివారం సాయంత్రం ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో సోమవారానికల్లా సంఘం మొత్తానికి తెలుస్తుంది, శాంతిని మాన్పిస్తారు, శాంతి మానేస్తే సౌమ్య మానేస్తుంది, మగవాళ్ళు అసలే పిరికివాళ్ళు, లూయిస్ పెట్టె సర్దుకుని పాండిచ్చేరి పోతాడు. నాకు అరవై దాటింది. ఈసారి మూతపడితే మళ్ళీ తెరిచేంత ఓపిక నాకుండదు, నాకది బాగా తెలుసు.

కిందటివారం పులస తెచ్చింది. అదొకటి. గోదావరికి ఎర్రనీరు వచ్చిందో లేదో, ఇంకా బజారులో అందరూ పులస పులస అని వలసలు అమ్ముతున్న రోజుల్లో, తామరాకులో చుట్టి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళింది. మా తమ్ముళ్ళకి పడిందండి, మీకని తెచ్చాను అంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు, అలాంటి చేపని ఎవరైనా ఊరికే ఇస్తారా? మొప్ప ఎత్తి చూశాను, పొలుసు గీకి చూశాను, వెలుతుర్లోకి తీసుకెళ్ళి వీపు నొక్కి చూశాను, అసలైన పులసే. అప్పుడు ఇంకా ఎక్కువ అనుమానం వచ్చింది. వలసైతే మోసం చేసిందనుకుని ఊరుకునేదాన్ని. పులస ఎందుకిచ్చింది, నా నోరు కట్టడానికా, కొత్త క్లాసులో చోటు కోసమా? బెండకాయలు వేసి పులుసు పెట్టాను, మర్నాడు ఉదయానికి ఇంకా బాగుంది, తింటున్నంతసేపూ అనుమానిస్తూనే తిన్నాను, ముల్లు ఒక్కటీ వదల్లేదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. బాగుంది అని కూడా చెప్పలేదు, అడుగుతుందేమో చూద్దామనుకున్నాను, అడగలేదు.

గోదావరి వైపు నుంచి గాలి ఆగిపోయింది, వాన వస్తుందేమో. నీళ్ళు అప్పుడే చిక్కబడి బెల్లపు పాకంలా ఉన్నాయి. ఇదే నీళ్ళ మీద పడవలో వచ్చాడు నాన్న, వారధి లేని కాలం, ఫ్రెంచి పటాలంలో చేసి, ఒళ్ళో గ్రామఫోను పెట్టుకుని, పెట్టె మీద వాన పడకుండా తన కోటు కప్పి తను తడిసి వచ్చాడు. అమ్మ రేవులో నిలబడి ఆ పెట్టెలో తనకి చీరలున్నాయనుకుంది. దాన్ని ఈ హాల్లో పెట్టి పాట వేసి చెయ్యి చాపాడు. అమ్మ రాలేదు. పదిమంది చూస్తారు అంది. ఎవరు చూస్తారు అంటే వీధివైపు కిటికీ చూపించింది. నాన్న కొన్నాళ్ళు కుర్చీతో ఆడాడు, కుర్చీతో ఆడేటప్పుడు నేను పడీ పడీ నవ్వేదాన్ని, తర్వాత నన్ను పట్టుకుని నేర్పాడు, మగ అడుగు, ఆడ అడుగు రెండూ. చాలా రోజులకి ఒక మధ్యాహ్నం అమ్మ తనంతట తనే వచ్చి ఆ కిటికీ మూసి గొళ్ళెం పెట్టి, ఇప్పుడు రండి అంది. అంతే, ఇక ఎప్పుడు ఆడినా కిటికీ మూసే ఆడారు. నేను తలుపు దగ్గర కూర్చుని చూసేదాన్ని. చీకటి, ఉక్క, అమ్మ మెడ మీద చెమట, నాన్న కళ్ళు మూసుకుని ఉండేవాడు, అమ్మ కళ్ళు మాత్రం ఆ చెక్కల సందుల మీదే ఉండేవి, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఆమె బరువు నాన్న చేతికి ఎప్పుడూ తెలుస్తూనే ఉండి ఉంటుంది. నాకు ఇష్టమైన మనుషులిద్దరూ అంత దగ్గరగా ఉండటం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, అందుకేనేమో నాకు వాల్స్ అంటే ఇప్పటికీ మూసిన గది వాసనే గుర్తొస్తుంది.

సరే, ఎస్తేరుకి ఏం చెప్పాలి. నీకింకా సమయం పట్టేటట్టుంది, ఇక్కడే మరికొన్నాళ్ళు చెయ్యి, దసరాకి చూద్దాం. ఇది మర్యాదగా ఉంది. అబద్ధం కూడా కాదు, ఆ లాగుడుతో ఆమెని ఎవరికి జోడీ కడతాను? ఉమామహేశ్వరం గారికా? రిటైరైన హెడ్మాస్టరు, గుండెకి మంచిదని డాక్టరు చెబితే లూయిస్ దగ్గర చేరాడు, గాలేస్తే తూలేలా ఉంటాడు, ఈమె పట్టుకుని గోడకి ఈడ్చిందంటే ఆయన భార్య నా మీద కేసు పెడుతుంది. కారణం బాగానే ఉంది. కారణం బాగున్నప్పుడు అసలు కారణం చెప్పక్కర్లేదు. అయినా లోపల ఎక్కడో పులసముల్లు దిగినట్టుంది, ఆ ముందడుగు అంత చక్కగా వేసే మనిషిని ఇలా మర్యాదగా తరిమెయ్యడం నాకే బాధగా ఉంది. బాధైతే అయింది. క్లాసు ముఖ్యం.

స్కూటరు చప్పుడు. మా గుమ్మం ముందే ఆగింది. వీధి కిటికీ దగ్గరికి వెళ్ళి చెక్కల సందులోంచి చూశాను. డేనియల్. తెల్ల చొక్కా, జేబులో కళ్ళజోడు, వెనక సీటు మీంచి ఎస్తేరు దిగుతోంది. అంటే కలిసే వచ్చారు. ఇన్నాళ్ళూ నడిచివచ్చిన మనిషి ఇవాళ అన్న బండి మీద వచ్చింది, చూపించడానికి తీసుకొచ్చిందా, గుమ్మం ఇదే, మేడ ఇదే అని? ఎస్తేరు ఏదో చెప్పింది. అతను వినలేదో, విని ఊరుకున్నాడో, హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని ఐసు ఫ్యాక్టరీ వైపు చూస్తున్నాడు. ఎస్తేరు చెయ్యెత్తి మేడ వైపు, సరిగ్గా నా కిటికీ వైపు చూపించింది. నేను చటుక్కున వెనక్కి జరిగాను, నా ఇంట్లో నేనే దొంగలా. నేననుకున్నదే. పొద్దున్నుంచీ ఈ వయసులో ఇంత అనుమానం మంచిది కాదని నాకు నేను బుద్ధి చెప్పుకుంటున్నాను, బుద్ధి చెప్పుకోవాల్సిన పని లేదు. దసరా లేదు, ఏమీ లేదు, ఇక రావద్దని చెప్పేద్దాం.

గడియారం ఐదు కొడుతుండగా మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు. ఎస్తేరు వచ్చింది. నీలం నేత చీర, కొంగు నడుముకి దోపుకుంది, మామూలుగానే ఉంది. నమస్తే మేడం గారండీ అంది. అప్పుడే రావద్దని చెప్పాల్సింది. నాన్న పద్ధతి అడ్డొచ్చింది, పాట పూర్తిగా ఆడకుండా ఎవర్నీ కాదనకూడదు, గురువారం పాట సగంలో ఆగిపోయింది. చెయ్యి చాపాను. పాట చిన్నగా పెట్టాను. ముందు నాలుగు అడుగులు బాగానే పడ్డాయి, తర్వాత నేను ముందుకి రాగానే మళ్ళీ అదే, మడమ దిగింది, ఒళ్ళు వెనక్కి వాలింది, నా భుజం కలుక్కుమంది. చెయ్యి వదల్లేదు, అలాగే పట్టుకుని తిప్పి అరచెయ్యి పైకి చేసి చూపించాను.

"ఇది పిల్లలకి పాటలు నేర్పే చెయ్యేనా? నిజం చెప్పు, ఈ లాగడం ఎవరు నేర్పారు నీకు?"

ఎస్తేరు తన అరచెయ్యిని తనే కొత్తగా చూసుకుంది. "వల చెయ్యండి. మాది దరియాలతిప్ప కదండి. చిన్నప్పట్నించీ అమ్మా నేనూ అలివి వల లాగేవోళ్ళం. ఇప్పుడూ సెలవు రోజు మనిషి తక్కువైతే పిలుత్తారండి, ఎళ్తాను. ఎనక్కి నడవడవంటే అదే తెలుసండి నాకు. మడమ దింపి, బరువు ఎనక్కేసి లాగాలి. వదిలేత్తే వల నీటితోపాటే పోద్దండి."

అలివి వల నేను చూడలేదా? చిన్నప్పుడు నాన్నతో సముద్రం ఒడ్డుకి వెళ్ళినప్పుడల్లా చూశాను. పడవ మీద తీసుకెళ్ళి నీళ్ళలో వల వేస్తారు, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు, ఇటు కొందరు అటు కొందరు, మగవాళ్ళూ ఆడవాళ్ళూ తాడు పట్టుకుని సముద్రానికి ఎదురుగా నిలబడి, పదం పాడుకుంటూ, అందరూ ఒకే తాళంలో వెనక్కి వెనక్కి నడుస్తారు. ఇసుకలో మడమల గుంటలు పడతాయి. అన్నీ చూశాను, ఈమె చెయ్యి పట్టుకుని కూడా అది గుర్తుకు రాలేదు, గూఢచారి అని తోచింది, రహస్యంగా ఇంకెవరి దగ్గరో నేర్చుకుందని తోచింది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, ఎందుకంటే కింద డేనియల్ ఇంకా ఉన్నాడు, స్కూటరు వెళ్ళిన చప్పుడు కాలేదు. చెయ్యి సంగతి తేలింది, అన్న సంగతి తేలలేదు. అడిగేశాను, మీ అన్నయ్య నిన్ను ఇక్కడికి ఎందుకు పంపాడు అని. ఆమె కాదంటుందనుకున్నాను.

"చూసి రమ్మన్నాడండి," అంది ఎస్తేరు. "మా సంఘం ఆడపిల్లలు ఎవరెవరు వత్తన్నారో, ఇక్కడేం చేత్తన్నారో చూసి చెప్పమని పంపేడు."

చూశారా, నేననుకున్నదే అక్షరాలా నిజం. ఇన్నాళ్ళ అనుమానానికి ఒక్క ముక్కలో సాక్ష్యం దొరికింది, సంతోషం రావాలి కదా, రాలేదు. మరి చెప్పావా అని అడిగాను. లేదంది. మొదటిరోజు చూసి ఇంటికి వెళ్ళి, శాంతి ఎప్పుడో మానేసింది, ఇప్పుడక్కడ అందరూ ముసలమ్మలే, మోకాళ్ళ నొప్పులకి వ్యాయామం చేస్తున్నారని చెప్పిందట. ముసలమ్మలా అన్నాను నేను, అదేమిటో ముందు అదే తగిలింది. తప్పేనండి, అబద్ధం కదండి, ప్రతి ఆదివారం ఒప్పుకుంటున్నాను దేవుడి దగ్గర అంది ఎస్తేరు. మొదటిరోజు మగ అడుగు వేయించారు కదండి, ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది, చాలా ఏళ్ళకి పట్టింది, అందుకని మళ్ళీ వచ్చాను అంది. తలుపుకి ఎదురుగా నిలబడేది ఎందుకంటే అన్నయ్య ఎప్పుడైనా మెట్లెక్కి వస్తాడేమోనని. కాపలా కాసింది నిజమే, కాసింది మా కోసం.

"మరి ఇవాళ అతని బండి మీదే వచ్చావు."

"కొత్త క్లాసులో మగాళ్ళుంటారు కదండి. దానికి మోకాళ్ళ నెప్పులు సరిపోవండి." కొంగు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ దోపుకుంది. "ఇందాక దార్లో చెప్పేశాను అన్నయ్యకి. అది డాన్సే అన్నాను. ఇన్నాళ్ళూ అబద్ధవాడేను, నాకిట్టం, నేర్చుకుంటాను అని చెప్పేను. ఈ మేడే అని చూపించేను."

ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట. వెళ్ళు అనలేదు, వద్దు అనలేదు, రాత్రికి ఇంటికి రమ్మని కూడా అనలేదు. నేను వద్దంటే ఏం చేస్తావు, ముందు నన్నడిగి తర్వాత కదా అతనికి చెప్పాల్సింది అన్నాను, నా గొంతు నాకే కసురుగా వినపడింది. మీరు తీసుకున్నా తీసుకోకపోయినా చెప్పింది చెప్పిందేనండి అంది ఎస్తేరు. ఆ ఇంట్లో పిల్లల్ని పెంచి, వండిపెట్టి, ఇంత వయసు వచ్చాక, ఉన్న ఒక్క నీడనీ పణంగా పెట్టి నా మెట్లెక్కింది, నేను మధ్యాహ్నం నుంచి ఆమెకి మర్యాదగా ఏ అబద్ధం చెప్పాలా అని వెతుకుతున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు, కోపంగానే చెయ్యి పట్టుకున్నాను.

"వల కాదు ఎస్తేరూ, ఇవతల ఉన్నది మనిషి. నువ్వు లాగక్కర్లేదు, తనే వస్తాడు. నువ్వు కాస్త చోటిస్తే చాలు."

మళ్ళీ ఆడాం. మొదట లాగింది. వదులు అన్నాను. పట్టు కొంచెం సడలింది, వేలు ముందు పోయింది, మడమ ఆలస్యంగా దిగింది, గోదావరి వైపు మూల తిరిగేచోట ఉన్నట్టుండి నా చేతిలో ఏమీ లేదు. గాలి పట్టుకున్నట్టుంది. మరుక్షణమే బరువు తిరిగొచ్చింది, ఆమె భయపడి మళ్ళీ తాడు పట్టుకుంది. పాట అయిపోయింది. నాన్న పద్ధతి ప్రకారం తయారు కాలేదు, ఆ మాట నాకు స్పష్టంగా తెలుసు, ఎవరడిగినా అదే చెబుతాను. కానీ నాన్న చేతికి అమ్మ బరువు చివరిదాకా తెలుస్తూనే ఉంది, అయినా ఆయన ఆడాడు, తయారయ్యాక రా అని అమ్మకి చెప్పలేదు. ఆమె మూసిన కిటికీని తీద్దామని మాత్రం ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఎస్తేరు అడగడం లేదు, నేల చూస్తూ నిలబడింది, నేను ఏదంటే అది వినడానికి.

"గాలాడట్లేదు," అన్నాను. "ఆ వీధి కిటికీ తియ్యి."

ఎస్తేరు కదల్లేదు. కింద అన్నయ్యున్నాడండి అంది మెల్లగా. తెలుసన్నాను. అది ఏళ్ళ తరబడి తీసింది కాదు, చెక్క బిగుసుకుపోయింది, నా వల్ల కాదు అని కూడా చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది, నేను చూపు తిప్పుకోలేదు. అప్పుడు వెళ్ళింది. గొళ్ళెం మీద ఒక దెబ్బ వేసింది, తుప్పు రాలింది. రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుంది, నాలుగు వేళ్ళూ మూసి, మడమలు నేలకి దించి, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగింది. చెక్క మూలిగింది. మళ్ళీ లాగింది. ఒక్కసారిగా ఊడివచ్చినట్టు తెరుచుకుంది, దుమ్ము, వెలుతురు, టీ కొట్టు చప్పుడు, తడి మట్టి వాసన అన్నీ కలిసి లోపలికి పడ్డాయి, హాలు ఇంత పెద్దదని నాకు గుర్తే లేదు. కింద స్కూటరు పక్కన నిలబడ్డ డేనియల్ తలెత్తాడు. టీ కొట్టు దగ్గరవాళ్ళూ ఎత్తారు. ఎందుకున్నాడో, ఏం చేస్తాడో, ఆదివారం సంఘంలో ఏమంటాడో నాకు తెలియదు, నా అనుమానాలు నాకున్నాయి.

ఆదివారం ఐదింటికి రా అన్నాను ఎస్తేరుతో. ఆమె చేతులకి అంటిన ఆకుపచ్చ రంగు పెచ్చులు కొంగుకి తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది, ఈసారి తలుపు వైపు చూడలేదు. పాట మళ్ళీ మొదటినుంచి పెట్టాను, కింద దాకా వినపడేలా పెట్టాను.